కప్ప బ్రతుకు

హోసూరు నుండి కృష్ణగిరికి పోయే పెద్ద రహదారి మీద గురుబరపల్లి అనే ఊరు ఉంది. 2004లో ధర్మపురి జిల్లా నుండి విడివడి ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోని ఊరు ఇది. మామిడి తోటలు, రాగి చేలు, బండగుట్టలు, వాననీటితో నిండే చెరువులు, కుంటలు ఈ ప్రాంతమంతటా కనబడతాయి. ఎండాకాలం ముదిరేసరికి చాలా కుంటలు ఎండిపోతాయి. అడుగున ఉన్న మట్టి నెర్రెలు విచ్చుతుంది. ఆ మట్టిలో ప్రాణం ఉన్న జీవి ఒక్కటైనా మిగిలి ఉంటుందా అనిపిస్తుంది.

అలాంటి రోజుల్లో ఒక సాయంకాలం మబ్బులు కమ్ముకొంటాయి. ఉరుములతో పెద్ద వాన కురుస్తుంది. ఆ రాత్రి కుంట నుండి వందల గొంతులు ఒక్కసారిగా లేస్తాయి. ఒకటి బెకబెక మంటుంది, ఒకటి టర్రు మంటుంది, మరొకటి చెక్కమీద తట్టినట్లు టకటక మంటుంది. నిన్నటి వరకు నిశ్శబ్దంగా ఉన్న చోట ఆ రాత్రి మాట వినబడదు.

ఇన్ని కప్పలు ఒక్క రాత్రిలో ఎక్కడి నుండి వచ్చాయి? వానతో పాటు ఆకాశం నుండి రాలిపడ్డాయని కొందరు అంటారు. కప్పలు అరచి పిలిచాయి కాబట్టే వాన వచ్చిందని మరికొందరు నమ్ముతారు. ఈ రెండు మాటలలో నిజమెంతో తెలియాలంటే, కప్ప శరీరం ఎలా పనిచేస్తుందో, అది ఏడాది పొడవునా ఏం చేస్తుందో ముందుగా తెలుసుకోవాలి.

నీటికీ నేలకూ చుట్టం

తెలుగువారు కప్ప అనే ప్రాణిని కన్నడిగులు కప్పె అంటారు. తమిళులు తవళై అంటారు. మూడు భాషలూ వినబడే ఈ ప్రాంతంలో ఈ మూడు పేర్లూ పిల్లలకు తెలిసినవే. లోకజ్ఞానం లేనివాణ్ణి నూతిలో కప్ప అనడం, ఎంతకీ ఒక కొలిక్కి రాని గుంపును కప్పల తక్కెడ అనడం, సూటిగా పోక దాటవేసే తీరును కప్పదాటు అనడం తెలుగులో వాడుక. సంస్కృత వ్యాకరణంలో కూడా, ఒక సూత్రంలోని పదం నడుమ ఉన్న సూత్రాలను విడిచి ముందున్న సూత్రానికి దూకితే దానిని మండూకప్లుతి అంటారు. మండూకమంటే కప్ప, ప్లుతి అంటే దూకు. మనిషి కప్పను ఎంత కాలంగా, ఎంత దగ్గరగా గమనించాడో ఈ మాటలే చెబుతాయి.

నీటిలోను, నేల మీద కూడ బ్రతకగల జంతువులను ఉభయచరాలు అంటారు. కప్పలు ఈ జాతికి చెందినవి. ప్రపంచంలో 7 వేలకు పైగా కప్ప రకాలు ఉన్నాయి. పల్లెలలో తరచుగా కనిపించేవి కొన్నే. నీటి అంచున కూర్చొని, అడుగుల చప్పుడు వినబడగానే నీటిపై తేలుతూ ఎగిరిపోయే చిన్న కప్ప ఒకటి. ఇంటి గోడల మీద, స్నానాల గదిలో అంటుకొని కూర్చునే చెట్టు కప్ప ఒకటి. దాని వేళ్ళ కొనలు బిళ్ళల వలె వెడల్పుగా ఉండి నున్నని గోడను కూడ పట్టుకొంటాయి. గరుకైన చర్మంతో రాత్రివేళ దీపం క్రింద పురుగుల కోసం కాచుకొని ఉండేది గోదురు కప్ప. అన్నింటిలో పెద్దది బావురు కప్ప. అది జానెడు దాకా పెరుగుతుంది.

గోదురు కప్పను ముట్టుకొంటే పులిపిర్లు వస్తాయని ఒక భయం ఉంది. అది నిజం కాదు. పులిపిర్లు మనుషులలో ఒక సూక్ష్మజీవి వలన వస్తాయి. అయితే గోదురు కప్ప కన్నుల వెనుక ఉబ్బెత్తుగా ఉండే గ్రంథులలో విషం ఉన్న మాట నిజమే. అది కంట్లో, నోట్లో పడితే మంట పుడుతుంది. కుక్క ఒకసారి దానిని కరిస్తే నురగలు కక్కి మళ్ళీ దాని జోలికి పోదు. కావున కప్పను తాకిన చేతులు కడుక్కోవడం మంచిది.

చర్మమే కుండ, చర్మమే ముక్కు

కప్ప నోటితో నీళ్ళు త్రాగదు. తడి నేల మీద పొట్ట ఆనించి కూర్చుంటుంది. పొట్ట క్రింది పలుచని చర్మం గుండా నీరు లోపలికి ఇంకుతుంది. ఆ చర్మమే గాలిని కూడ పీల్చుతుంది. చర్మం క్రింద సన్నని రక్తనాళాలు వల వలె అల్లుకొని ఉంటాయి. చర్మం మీది తడిలో కరిగిన ఆమ్లజని ఆ నాళాలలోని రక్తంలో చేరుతుంది. రక్తంలోని బొగ్గుపులుసు వాయువులో ఎక్కువ భాగం చర్మం గుండానే బయటికి పోతుంది.

ఈ పని జరగాలంటే చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. అందుకే కప్ప చర్మం నుండి జిగురు వంటి శ్లేష్మం ఊరుతుంది. చేతికి జారే ఆ జిగురే దానికి ప్రాణాధారం. ఎండలో చర్మం ఆరిపోతే కప్ప చనిపోతుంది. అది పగలు రాళ్ళ సందులలోను, తేమ ఉన్న చోట్లను దాగి, రాత్రిపూట తిరగడానికి ముఖ్య కారణం ఇదే.

నేల మీద ఉన్నప్పుడు కప్ప ఊపిరితిత్తులతో కూడ గాలి పీలుస్తుంది. అయితే అది మనిషి వలె పీల్చలేదు. మనిషి ఊపిరి తీసుకొన్నప్పుడు ప్రక్కటెముకలు పైకి లేచి రొమ్ము విశాలమవుతుంది. కప్పకు రొమ్మును విశాలం చేసే ప్రక్కటెముకలు లేవు. అది నోరు మూసుకొని, గొంతు అడుగును క్రిందికి దించి ముక్కు రంధ్రాల గుండా గాలిని నోటిలోనికి తెచ్చుకొంటుంది. తరువాత ముక్కు రంధ్రాలను మూసి, గొంతును పైకి లేపి ఆ గాలిని ఊపిరితిత్తులలోనికి నెడుతుంది. ఒక్కమాటలో చెప్పాలంటే కప్ప గాలిని మ్రింగుతుంది. కదలకుండా కూర్చున్న కప్ప గొంతు సదా అదురుతూ ఉండడానికి కారణం ఇదే.

కప్ప గుండెకు మూడు గదులు. పైన రెండు కర్ణికలు, క్రింద ఒక జఠరిక. మనిషి గుండెకు నాలుగు గదులు. కప్ప శీతల రక్త జంతువు. అనగా దాని శరీరపు వేడి పరిసరాల వేడిని బట్టి మారుతుంది. శరీరాన్ని వెచ్చగా ఉంచుకోవడానికి అది ఆహారం ఖర్చు చేయనక్కరలేదు. అందుచేత కొద్దిపాటి తిండితోనే చాలా కాలం గడపగలదు.

కదిలేదే ఆహారం

కప్ప కన్నులు తల పైకి ఉబికి ఉంటాయి. తల త్రిప్పకుండానే అది నాలుగు దిక్కులా చూడగలదు. కాని దాని చూపుకు ఒక విచిత్రమైన హద్దు ఉంది. ఎదుట చచ్చిన పురుగులు ఎన్ని పడి ఉన్నా అది పట్టించుకోదు. చిన్న పురుగు ఒకటి కదిలితే చాలు, నాలుక ఎగురుతుంది. 1959లో అమెరికాలో జెరోమ్ లెట్విన్, ఆయన సహచరులు కప్ప కంటి నుండి మెదడుకు పోయే నరాలను పరీక్షించారు. చిన్నగా, నల్లగా ఉండి కదిలే వస్తువును చూచినప్పుడే కొన్ని నరాలు మెదడుకు కబురు పంపుతున్నాయని కనుగొన్నారు. అనగా ఏది ఆహారమో తేల్చే పని కొంత కంటిలోనే జరిగిపోతున్నది.

కప్ప నాలుక మనిషి నాలుక వలె గొంతు వైపున అతుక్కొని ఉండదు. నోటి ముందు భాగాన అతుక్కొని, కొన గొంతు వైపుకు మడచి ఉంటుంది. పురుగు కనబడగానే అది రెప్పపాటు కంటె తక్కువ కాలంలో బయటికి విసరబడి, జిగురుతో పురుగును అంటించుకొని లోపలికి వస్తుంది. నమలడానికి పనికివచ్చే పండ్లు కప్పకు లేవు. పురుగును మ్రింగేటప్పుడు అది కన్నులు మూస్తుంది. అప్పుడు కనుగ్రుడ్లు లోపలికి దిగి, ఆహారాన్ని గొంతులోనికి నెట్టడానికి తోడ్పడతాయి.

కప్ప వెనుక కాళ్ళు ముందు కాళ్ళ కంటె చాలా పొడవు. కూర్చున్నప్పుడు అవి మూడు మడతలుగా ముడుచుకొని ఉంటాయి. ఒక్కసారిగా విచ్చుకొన్నప్పుడు కప్ప ఎగిరి దూరాన పడుతుంది. పొట్టి ముందు కాళ్ళు నేలను తాకి ఆ అదురును ఆపుకొంటాయి. ఈ వెనుక కాళ్ళే ఒకసారి శాస్త్ర చరిత్రను మలుపు త్రిప్పాయి. ఇటలీ దేశంలో బొలోనా నగరంలో లూయిజీ గాల్వానీ అనే పండితుడు, చనిపోయిన కప్ప కాళ్ళు లోహాలు తగిలినప్పుడు అదిరిపడడం చూచాడు. తాను చూచిన దానిని 1791లో ప్రకటించాడు. కప్ప శరీరంలోనే విద్యుత్తు ఉన్నదని ఆయన అన్నాడు. విద్యుత్తు లోహాల నుండి పుట్టిందని అలెస్సాండ్రో వోల్టా వాదించాడు. ఆ వాదాన్ని నిరూపించే ప్రయత్నంలోనే 1800లో వోల్టా మొదటి బ్యాటరీని తయారుచేశాడు. నరాలలోను కండరాలలోను విద్యుత్తు ఉన్నదన్న గాల్వానీ మాట కూడ తరువాతి కాలంలో నిజమని తేలింది.

మట్టిలో నిద్ర

ఇప్పుడు గురుబరపల్లి కుంట దగ్గరికి తిరిగి రావచ్చు. నీరు ఎండి, గాలి వేడెక్కినప్పుడు కప్పకు రెండు కష్టాలు వస్తాయి. చర్మం ఆరిపోతుంది, పురుగులు దొరకవు. అప్పుడది తేమ ఉన్న మట్టిలోనికి దిగిపోతుంది. కొన్ని రకాల కప్పలకు వెనుక పాదాల అడుగున చిన్న పార వంటి గట్టి ఉబ్బు ఉంటుంది. వాటితో మట్టిని త్రోస్తూ, అవి వెనుకకు వెనుకకు నేలలో దిగుతాయి.

మట్టిలో చేరిన కప్ప కదలదు, తినదు. గుండె మెల్లగా కొట్టుకొంటుంది. ఊపిరితిత్తులకు పని తగ్గుతుంది. చర్మం పీల్చే కొద్దిపాటి గాలి దానికి చాలు. శరీరంలో దాచుకొన్న కొవ్వు మీద అది నెలల తరబడి బ్రతుకుతుంది. దీనిని గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. చలి దేశాలలో కప్పలు చలికాలంలో ఇలాగే నిద్రపోతాయి. ఉత్తర అమెరికా అడవులలోని ఒక కప్పకు చలికాలంలో శరీరంలోని నీటిలో చాలా భాగం గడ్డకడుతుంది. గుండె కూడ ఆగిపోతుంది. రక్తంలో చేరిన చక్కెర దాని కణాలను కాపాడుతుంది. వసంతంలో మంచు కరగగానే అది మళ్ళీ లేచి దూకుతుంది.

నేలలో దాగి బ్రతికే కప్పలను గురించి తెలియనిది ఇంకా ఎంతో ఉంది. 2020లో బెంగళూరు శివార్లలో నేలను తొలిచే కప్పలలో ఒక కొత్త రకాన్ని శాస్త్రజ్ఞులు గుర్తించి, దానికి ఆ నగరం పేరే పెట్టారు. హోసూరుకు అంత చేరువలో, లక్షలాది మంది నడిచే నేలలో ఒక ప్రాణి అంతవరకు పేరు లేకుండా బ్రతికింది!

కాబట్టి వాన రాత్రి కనబడిన కప్పలు ఆకాశం నుండి రాలినవి కావు. కాళ్ళ క్రింది నేలలో నుండి లేచినవి. వాననీరు మట్టిలోనికి ఇంకి చర్మాన్ని తాకగానే అవి మేలుకొని పైకి వచ్చాయి.

ఎవరి కోసం ఆ పాట?

వాన రాత్రి అరిచేవి మగ కప్పలు. నోరు, ముక్కు మూసుకొని, ఊపిరితిత్తులలోని గాలిని గొంతు గుండా స్వరకోశాలలోనికి పంపుతాయి. స్వరకోశం బుడగ వలె ఉబ్బి శబ్దాన్ని పెద్దది చేస్తుంది. గాలి బయటికి పోకుండా లోపలనే అటూ ఇటూ తిరుగుతుంది. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క అరుపు ఉంటుంది. చీకటిలో, అన్ని రకాల అరుపులు కలగలసిన కుంటలో, ఆడ కప్ప తన జాతి గొంతును గుర్తుపట్టి దాని వైపు పోతుంది.

బావురు కప్పకు ఈ కాలంలో వేషమే మారిపోతుంది. తక్కిన దినాలలో ఆకుపచ్చ, గోధుమ రంగులలో ఉండే మగ కప్ప, తొలి వానలకు నిమ్మపండు వలె పసుపుపచ్చగా మారుతుంది. దాని స్వరకోశాలు నీలంగా మెరుస్తాయి. పసుపు పూసినట్లున్న ఈ కప్పలు వానతో పడ్డ క్రొత్త ప్రాణులని కొందరు భ్రమపడతారు. జతకట్టే దినాలు ముగియగానే ఆ రంగు వెలిసిపోతుంది.

ఈ పాటకు కప్ప చెల్లించే వెల తక్కువ కాదు. అరుపు విని పాములు, గుడ్లగూబలు వస్తాయి. అందుకే గట్టు మీద అడుగు పడగానే, నేల అదురు తెలిసి కుంట అంతా ఒక్కసారిగా మౌనం వహిస్తుంది. కదలకుండా నిలబడితే కొంతసేపటికి ఒక గొంతు మొదలు పెడుతుంది, తక్కినవి అందుకొంటాయి.

కప్పకూ వానకూ ఉన్న ఈ సంబంధాన్ని ప్రాచీనులు గమనించారు. ఋగ్వేదంలో ఏడవ మండలంలో కప్పలను గూర్చి ఒక సూక్తమే ఉంది. వానలు పడని ఏట తెలుగు పల్లెలలో కప్పతల్లి ఆడే ఆచారం కలదు. రోకలికి వేపమండలతో కప్పను కట్టి, భుజాల మీద మోస్తూ పాడుతూ ఇంటింటికి తిరుగుతారు. ఇల్లాండ్రు దాని మీద నీళ్ళు పోస్తారు. కప్ప అరుపు వానను తేలేదు. గాలిలో తేమ పెరగడం కప్ప చర్మానికి తెలుస్తుంది. కావున వానకు ముందే అది అరవవచ్చు. పెద్దలు చూచినది నిజమే, కారణం మాత్రం తారుమారైంది.

తోక ఎక్కడికి పోయింది?

ఆడ కప్ప నీటిలో వందల కొద్దీ, కొన్ని రకాలలో వేల కొద్దీ గ్రుడ్లు పెడుతుంది. వాటికి పెంకు ఉండదు. జిగురు వంటి పదార్థం చుట్టూ ఉండి కాపాడుతుంది. గోదురు కప్ప గ్రుడ్లు పూసలదండ వలె పొడవుగా ఉంటాయి. చెట్టు కప్ప నీటి పైన ఉన్న కొమ్మకో, తొట్టి గోడకో నురగతో గూడు కట్టి అందులో గ్రుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ నురగ నుండి క్రింది నీటిలోనికి జారిపడతాయి.

గ్రుడ్డు నుండి వచ్చేది తోకకప్ప. దానికి కాళ్ళు లేవు, తోక ఉంది. మొప్పలతో చేప వలె గాలి పీలుస్తుంది. చాలా రకాల తోకకప్పలు పాచిని గీరి తింటాయి. బావురు కప్ప పిల్లలు మాత్రం ఇతర తోకకప్పలను, నీటి పురుగులను వేటాడతాయి. కొన్ని వారాలలో మొదట వెనుక కాళ్ళు, తరువాత ముందు కాళ్ళు వస్తాయి. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనికి వస్తాయి. పాచి తిన్న పొడవాటి ప్రేగు, పురుగులు తినడానికి తగినట్లు పొట్టిదవుతుంది. ఈ మార్పునే రూపవిక్రియ అంటారు.

కప్ప పిల్ల తోక ఊడిపడుతుందని చాలామంది అనుకొంటారు. ఏ కుంట గట్టున వెదికినా ఊడిన తోక ఒక్కటైనా దొరకదు. నోరు, ప్రేగు మారుతున్న ఆ దినాలలో పిల్ల ఏమీ తినలేదు. శరీరం తోకను కొంచెం కొంచెంగా కరిగించి ఆహారంగా వాడుకొంటుంది. ఈ మార్పును నడిపేది మెడ దగ్గర ఉండే అవటు గ్రంథి. 1912లో గూడర్నాచ్ అనే శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు జంతువుల అవటు గ్రంథిని తినిపించాడు. అవి పెరగక ముందే కాళ్ళు వచ్చి, ఈగ అంత కప్పలుగా మారిపోయాయి. మనిషి ఎదుగుదలకు అవసరమైనది కూడ ఈ గ్రంథి నుండి ఊరే రసమే.

క్రొత్తగా కాళ్ళు వచ్చిన చిన్న కప్పలు తడి కోసం కాచుకొని, ఒక వాన పడగానే వందలాదిగా గట్టెక్కి దారుల మీదికి వస్తాయి. వానతో కప్పలు రాలాయనే నమ్మకానికి ఇది మరొక కారణం.

రైతు పోగొట్టుకొన్న నేస్తం

ఒక కప్ప రాత్రంతా చేనులో మిడతలను, చిమ్మటలను, చెదపురుగులను తింటుంది. కూలి అడగదు, పంట ముట్టదు. అయినా ఒక కాలంలో దానికి ధర కట్టారు. విదేశాలలో కప్ప కాళ్ళను రుచిగా వండుకు తినేవారు ఉన్నారు. వారి కోసం మన దేశం నుండి ఏళ్ళ తరబడి కప్ప కాళ్ళు ఓడలకెక్కాయి. ఎక్కువగా బలి అయినది పెద్ద కాళ్ళున్న బావురు కప్ప. అదీ వాన రాత్రులలో, జతకట్టడానికి పైకి వచ్చి అరుస్తున్నప్పుడే. దీపం వెలుగులో గోతాలకెత్తి, కాళ్ళు కోసి, తక్కిన శరీరాన్ని పారవేసేవారు. గ్రుడ్లు పెట్టక ముందే తల్లులు పోవడంతో మరుసటి ఏటికి పిల్లలు లేకపోయాయి.

కప్పలు తగ్గిన చోట పురుగులకు అడ్డు తగ్గింది. పురుగులను చంపడానికి మందుల ఖర్చు పెరుగుతుందని, ఆ మందు మిగిలిన కప్పలనూ చంపుతుందని శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1985లో బావురు కప్పను అంతర్జాతీయ వ్యాపారంపై అదుపు ఉండవలసిన జంతువుల జాబితాలో చేర్చారు. 1987లో భారత ప్రభుత్వం కప్ప కాళ్ళ ఎగుమతిని నిషేధించింది.

ఎగుమతి ఆగినా ముప్పు తీరలేదు. నీటిని, గాలిని లోపలికి రానిచ్చే చర్మం విషాన్ని కూడ రానిస్తుంది. పొలంలో చల్లిన మందు చేపకు చేరక ముందే కప్పకు చేరుతుంది. కుంటలను పూడ్చివేస్తే గ్రుడ్లు పెట్టే చోటు పోతుంది. కుంటకూ చేనుకూ నడుమ రహదారి ఉంటే, వాన రాత్రి దానిని దాటబోయిన కప్పలు చక్రాల క్రింద పడతాయి. 1999లో శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన ఒక బూజు జాతి, కప్ప చర్మాన్ని పట్టి, ఆస్ట్రేలియా, అమెరికా ఖండాలలో అనేక రకాలను తుడిచిపెట్టింది. 2023లో ప్రకటించిన లెక్కల ప్రకారం, ప్రపంచంలోని ఉభయచరాలలో నూటికి 40 రకాలు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయి.

కప్పను కాపాడడానికి పెద్ద ధనం అక్కరలేదు. ఊరి కుంటను పూడ్చకుండా ఉంచితే చాలు. మందు డబ్బాలను చెరువులో కడగకుంటే చాలు. గట్టు మీది పొదలను కొంత మిగిల్చితే చాలు. నేల క్రింద ఓపికగా నిద్రించే ఆ ప్రాణికి కావలసినది ఒక వాన, ఆ వాననీరు నిలిచే ఒక పల్లపు చోటు. తొలి వాన కురిసిన రాత్రి కుంట నుండి అరుపులు వినబడితే, ఆ ఊరి నీరు ఇంకా చెడలేదని, చేనికి కావలివాడు ఇంకా ఉన్నాడని సంతోషించవచ్చు. వాన కురిసినా కుంట మూగగా ఉంటే, అప్పుడే ఊరు నిద్ర లేవాలి.

అభ్యాసం

1. కప్ప చర్మం ఎప్పుడూ తడిగా ఉండవలసిన అవసరం ఏమి?
2. "కప్ప గాలిని మ్రింగుతుంది" – ఈ మాటను వివరించండి.
3. వానతో కప్పలు రాలతాయనే నమ్మకానికి పాఠంలో చెప్పిన కారణాలేవి?
4. 1987లో కప్ప కాళ్ళ ఎగుమతిని నిషేధించక ముందు రైతుకు కలిగిన నష్టమేమి?
5. నూతిలో కప్ప, కప్పల తక్కెడ, కప్పదాటు – వీనిని సొంత వాక్యాలలో ప్రయోగించండి.
6. వాన రాత్రి మీ ఊరి కుంట దగ్గర ఎన్ని రకాల అరుపులు వినబడుతున్నవో పెద్దల తోడుతో విని, వ్రాయండి.